1812 అమెరికా, బ్రిటన్ యుద్ధం: ఏ పోరాటాలు ముఖ్యం, ఎందుకు?

మీరు అడిగింది ఇది. బాల్టిమోర్ దగ్గర ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి 1812 యుద్ధం మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ముఖ్యమైన పోరాటాలు అయిదు ఎంచుకుని, అవి ఎందుకు ముఖ్యమో రాయాలి. ఎక్కడ వెతికినా న్యూ ఆర్లీన్స్ పేరే ముందు వస్తోంది. కానీ అది సంధి కుదిరాక జరిగిందంటున్నారు, అలాంటప్పుడు దాన్ని ముఖ్యమైనదని ఎలా రాయాలి? ఇంతకీ ఈ యుద్ధం గెలిచిందెవరు?

నేను డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పాను. నెపోలియన్‌కి వారాలకు వారాలు కేటాయించి, ఈ యుద్ధాన్ని ఒక్క వాక్యంలో దాటించేసేవాణ్ణి. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర మేరీల్యాండ్‌లో ఉన్నప్పుడు బాల్టిమోర్, నయాగరా, ఇరీ సరస్సు ఒడ్డు, ప్లాట్స్‌బర్గ్ తిరిగి చూశాను. అప్పుడు గానీ నాకు ఇది సరిగ్గా అర్థం కాలేదు. మీ అమ్మాయిని కూడా ముందు ఒక మ్యాపు ఎదురుగా పెట్టుకుని కూర్చోమనండి. ఈ యుద్ధం జరిగిన వైపు, అమెరికాకీ కెనడాకీ మధ్య గీత ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉంటుంది: సెయింట్ లారెన్స్ నది, ఒంటారియో సరస్సు, నయాగరా నది, ఇరీ సరస్సు, డెట్రాయిట్ నది. ఆ రోజుల్లో అటువైపంతా అడవి. చెప్పుకోదగ్గ రోడ్లు లేవు. సైన్యానికి పిండి బస్తా చేరాలన్నా, ఫిరంగి చేరాలన్నా పడవ మీదే. ఏ సరస్సు మీద ఎవరి ఓడలు తిరుగుతున్నాయో, ఆ ఒడ్డున ఉన్న సైన్యానికి వాళ్ళ దయ ఉంటేనే తిండి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏ పోరాటం ముఖ్యమో, ఏది కాదో మీ అమ్మాయే చెప్పగలదు.

కారణాలు క్లుప్తంగా చెప్తాను. బ్రిటన్ అప్పుడు నెపోలియన్‌తో చావోరేవో అన్నట్టు పోరాడుతోంది. ఫ్రాన్స్‌తో వ్యాపారం చేసే ఓడలను, అవి అమెరికావి అయినా సరే, అడ్డుకుంటూ ఆజ్ఞలు జారీ చేసింది. నావికులు చాలక, అమెరికా ఓడలను ఆపి, 'వీడు మావాడే' అంటూ వేల మందిని బలవంతంగా తన నౌకాదళంలోకి లాక్కుపోయింది. మరోవైపు పశ్చిమాన మూలవాసుల భూముల్లోకి అమెరికన్లు చొచ్చుకుపోతుంటే, షానీ తెగ నాయకుడు టెకమ్సే చాలా తెగలను ఒక్కటి చేస్తున్నాడు. అతని వెనక బ్రిటిష్ వాళ్ళున్నారని అమెరికన్ల అనుమానం. కెనడాను తేలిగ్గా పట్టేసుకోవచ్చన్న ఆశ కూడా కొందరు నాయకుల్లో బలంగా ఉంది. 1812 జూన్ 18న అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ యుద్ధ ప్రకటన మీద సంతకం చేశాడు. ప్రతినిధుల సభలో 79–49, సెనేట్‌లో 19–13 ఓట్లు, అంటే దేశం సగం మనసుతోనే దిగింది. విషాదం ఏమిటంటే, గొడవకి మూలమైన ఆ వ్యాపార ఆజ్ఞలను బ్రిటన్ సరిగ్గా ఆ వారంలోనే రద్దు చేసుకుంది. సముద్రం దాటి కబురు రావడానికి వారాలు పట్టే కాలం. ఈ ఆలస్యమే యుద్ధం చివర్లో మళ్ళీ కనిపిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మొదటి పెద్ద సంఘటన డెట్రాయిట్. అమెరికా జనరల్ విలియం హల్ తన సామాను, కాగితాలు ఒక పడవ మీద ముందుగా పంపించాడు. యుద్ధం మొదలైన సంగతి అతనికి ఇంకా తెలియదు, బ్రిటిష్ వాళ్ళకి తెలుసు. పడవ పట్టుకున్నారు, అతని ప్లాన్లన్నీ చేతికొచ్చాయి. ఎదురుగా ఉన్న బ్రిటిష్ జనరల్ ఐజాక్ బ్రాక్ దగ్గర సైన్యం తక్కువ, తెలివి ఎక్కువ. మిలీషియా, అంటే అవసరానికి పిలిపించిన మామూలు జనం దళం, వాళ్ళకి రెగ్యులర్ సైనికుల ఎర్రకోట్లు తొడిగించాడు. టెకమ్సే యోధులు కోటకు కనిపించేలా తిరుగుతూ అసలు కన్నా ఎన్నో రెట్లు ఉన్నట్టు భ్రమ కల్పించారని చెబుతారు. ఆపైన బ్రాక్ ఒక ఉత్తరం పంపాడు: పోరాటం మొదలైతే ఈ యోధులు నా చెప్పుచేతల్లో ఉండరు అని దాని సారాంశం. కోటలో హల్ కూతురు, మనవలు ఉన్నారు. 1812 ఆగస్టు 16న అతను పోరాడకుండానే రెండు వేల మందికి పైగా ఉన్న సైన్యాన్ని, కోటను అప్పగించేశాడు. తర్వాత అతనికి కోర్టు మార్షల్‌లో మరణశిక్ష పడింది. స్వాతంత్ర్య యుద్ధంలో చేసిన సేవ చూసి మాడిసన్ శిక్ష అమలు కాకుండా ఆపాడు.

ఇక్కడ ఒక కుటుంబ కథ ఉంది, ప్రాజెక్టులో పెడితే టీచరుకి నచ్చుతుంది. డెట్రాయిట్ పోయిన మూడో రోజున, ఆగస్టు 19న, అట్లాంటిక్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే అమెరికన్ యుద్ధనౌక బ్రిటిష్ నౌక గెరియేర్‌ను చిత్తు చేసింది. దాని కెప్టెన్ ఐజాక్ హల్, డెట్రాయిట్ అప్పగించిన హల్‌కి స్వయానా అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయ్యే వరస. బ్రిటిష్ గుండ్లు ఆ ఓక్ కర్ర గోడలకు తగిలి వెనక్కి పడిపోయాయట. అప్పటినుంచి దాన్ని 'ఓల్డ్ ఐరన్‌సైడ్స్' అంటున్నారు. ఇప్పటికీ బోస్టన్‌లో ఉంది, ఎక్కి చూడొచ్చు.

అదే ఓడ డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర జావా అనే బ్రిటిష్ నౌకను కూడా నాశనం చేసింది. జావా వెళ్తున్నది బొంబాయికి. అందులో ఉన్న ముఖ్య ప్రయాణికుడు లెఫ్టినెంట్ జనరల్ థామస్ హిస్లాప్. అమెరికన్లు అతన్ని మర్యాదగా వదిలేశారు. తర్వాత ఇదే హిస్లాప్ మద్రాసు సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యి, 1817లో మహిద్‌పూర్ దగ్గర హోల్కర్ సైన్యాన్ని ఓడించాడు. మన దగ్గర మరాఠా యుద్ధాల పాఠంలో వచ్చే మనిషి, అయిదేళ్ళ ముందు అమెరికన్లకి ఖైదీ.

అయితే ఈ ఓడల గెలుపులను ముఖ్యమైన పోరాటాల జాబితాలో పెట్టొద్దని నా సలహా. అమెరికాకు ధైర్యం ఇచ్చాయి, నిజమే. కానీ బ్రిటన్‌కి వందల యుద్ధనౌకలున్నాయి. 1813 జూన్ 1న బోస్టన్ బయట షానన్ అనే బ్రిటిష్ నౌక, అమెరికన్ నౌక చీసాపీక్‌ను పావుగంటలో పట్టేసింది. చనిపోతూ కెప్టెన్ జేమ్స్ లారెన్స్ 'ఓడను వదలొద్దు' అన్నాడని ప్రసిద్ధి. క్రమంగా బ్రిటిష్ నౌకాదళం అమెరికా తీరాన్నంతా దిగ్బంధం చేసింది. 1811లో దాదాపు 6 కోట్ల డాలర్లున్న అమెరికా ఎగుమతులు 1814కి 70 లక్షలకు పడిపోయాయి. సముద్రం మీద అసలు దెబ్బ అది.

మళ్ళీ సరిహద్దుకి వద్దాం. 1812 అక్టోబరు 13న నయాగరా నది దాటి అమెరికన్లు క్వీన్స్‌టన్ హైట్స్ గుట్ట ఎక్కారు. దాన్ని తిరిగి పట్టుకోబోతూ బ్రాక్ ముందుండి పరుగెత్తి, గుండు తగిలి చనిపోయాడు. ఇక అమెరికన్లదే పైచేయి కావాలి. కానీ అవతలి ఒడ్డున ఉన్న న్యూయార్క్ మిలీషియా పడవ ఎక్కనంది. మా పని మా రాష్ట్రాన్ని కాపాడటం, పరాయి దేశం మీదికి పోవడం కాదు అన్నారు. తిరిగొస్తున్న పడవల్లో గాయపడినవాళ్ళను చూసి భయపడ్డారన్నదీ నిజమే. గుట్ట మీద ఉన్నవాళ్ళు ఒంటరైపోయారు. జాన్ నార్టన్ నాయకత్వంలో మొహాక్ యోధులు వాళ్ళను పక్కనుంచి వేధిస్తుంటే, జనరల్ షీఫ్ చుట్టుతిరిగి వచ్చి తొమ్మిది వందల మందికి పైగా పట్టుకున్నాడు. ఆ గుట్ట మీద నిలబడి కిందికి చూస్తే నది ఎంతో వెడల్పు అనిపించదు. అవతల నిలబడినవాళ్ళకి ఇవతల పోరాడుతున్న తమవాళ్ళు స్పష్టంగా కనిపించి ఉంటారు. నాకు చాలాసేపు అదే మనసులో మెదిలింది. కెనడా వాళ్ళు ఈ రోజుకీ ఈ యుద్ధాన్ని తమ దేశం నిలిచిన కథగా చెప్పుకుంటారంటే, ఆ కథ ఈ గుట్ట మీదే మొదలైంది.

1813 ఏప్రిల్ 27న అమెరికన్లు యార్క్ పట్టణం మీద దాడి చేశారు. ఇప్పటి టొరంటో అదే. వెనక్కి తగ్గుతూ బ్రిటిష్ వాళ్ళు మందుగుండు గిడ్డంగిని పేల్చేస్తే జనరల్ జెబ్యులన్ పైక్‌తో సహా ఎంతోమంది అమెరికన్లు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి పార్లమెంటు భవనాలు తగలబడ్డాయి. ఏడాది తర్వాత వాషింగ్టన్ తగలబడినప్పుడు దీని ప్రస్తావన వస్తుంది.

ఇప్పుడు అసలైనది, ఇరీ సరస్సు. దీన్ని కొంచెం దగ్గర్నుంచి చూడండి. డెట్రాయిట్ తిరిగి రావాలంటే ఇరీ సరస్సు కావాలి, సరస్సు కావాలంటే ఓడలు కావాలి. అక్కడ ఓడలు లేవు. పెన్సిల్వేనియాలోని ఇరీ ఊళ్ళో అడవి చెట్లు కొట్టి, ఆరబెట్టే టైము కూడా లేక పచ్చి కర్రతోనే ఓడలు కట్టారు. కట్టిన రేవు ముఖద్వారంలో ఇసుకమేట, పెద్ద ఓడలు దాటడానికి లోతు చాలదు. ఫిరంగులన్నీ దింపి, ఓడకు రెండు పక్కలా నీళ్ళు నింపిన పెద్ద పెట్టెలు కట్టి, ఆ నీళ్ళు తోడేసి, అవి తేలుతుంటే వాటితో పాటు ఓడను పైకి లేపి ఇసుక దాటించారు. ఈ పనంతా చేయించిన ఒలివర్ హజార్డ్ పెర్రీకి అప్పుడు 28 ఏళ్ళు. ఎదుటి కమాండర్ రాబర్ట్ బార్క్లే అప్పటికే ఒక చెయ్యి పోగొట్టుకున్న మనిషి. అతని కష్టాలు ఇంకా ఎక్కువ. కోట గోడల మీది ఫిరంగులు ఊడబీకి ఓడకు బిగించుకున్నాడు. నిప్పంటించే సరంజామా సరిగ్గా లేక పిస్తోలు పేల్చి ఫిరంగులు కాల్చాల్సి వచ్చింది. అయినా యుద్ధానికి రాక తప్పలేదు, ఎందుకంటే అతని వెనక ఒడ్డున ఉన్న సైన్యానికీ, మూలవాసుల కుటుంబాలకీ తిండి అయిపోతోంది.

1813 సెప్టెంబరు 10. పెర్రీవి తొమ్మిది ఓడలు, బార్క్లేవి ఆరు. పెర్రీ తన ఓడకు చనిపోయిన స్నేహితుడు లారెన్స్ పేరు పెట్టుకుని, 'ఓడను వదలొద్దు' అని కుట్టిన నీలం జెండా ఎగరేశాడు. అతని ఫిరంగులు దగ్గర్నుంచి మాత్రమే పనిచేసేవి, బార్క్లేవి దూరం నుంచే తగిలేవి. రెండు గంటలపాటు లారెన్స్ ఒక్కటే దెబ్బలన్నీ తింది. పోరాడే స్థితిలో ఉన్న ప్రతి అయిదుగురిలో నలుగురు చనిపోయారు, లేదా గాయపడ్డారు. తోడు రావాల్సిన నయాగరా ఓడ మాత్రం ఎందుకో దూరంగానే ఉండిపోయింది. దాని కెప్టెన్ ఎలియట్ తప్పు ఉందా లేదా అని పెర్రీ, ఎలియట్ జీవితాంతం గొడవపడ్డారు. పెర్రీ ఆ జెండా తీసుకుని, చిన్న పడవ దింపించి, గుండ్లు పడుతున్న నీళ్ళ మీద అర మైలు దాకా తెడ్లు వేయించుకుంటూ నయాగరా ఎక్కాడు. ఎక్కి దాన్ని నేరుగా బ్రిటిష్ ఓడల మధ్యకి తోలాడు. ఆ సమయానికి బ్రిటిష్ పెద్ద ఓడలు రెండూ తిరగబోయి ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. పావుగంటలో అయిపోయింది. ఒక పాత ఉత్తరం వెనక పెర్రీ పెన్సిల్‌తో రాశాడు: శత్రువును కలిశాం, వాళ్ళు మా చేతిలో ఉన్నారు.

ఇరీ పోవడంతో బ్రిటిష్ వాళ్ళకి డెట్రాయిట్ దగ్గర నిలబడే దారి లేకపోయింది. జనరల్ ప్రాక్టర్ వెనక్కి నడిచాడు. టెకమ్సే అతన్ని ముఖం మీదే నిలదీశాడు: నువ్వు తోకను వీపు మీద పెట్టుకుని తిరిగి, భయం వేయగానే కాళ్ళ మధ్యకి దించి పారిపోయే బలిసిన జంతువులా ఉన్నావు అన్నాడు. అక్టోబరు 5న థేమ్స్ నది ఒడ్డున అమెరికా జనరల్ హారిసన్ సైన్యం వాళ్ళను అందుకుంది. బ్రిటిష్ వరుస నిమిషాల్లో చెదిరింది. టెకమ్సే మనుషులు మాత్రం చిత్తడి నేలలో చివరిదాకా నిలబడ్డారు, అక్కడే అతను చనిపోయాడు. అతనితో పాటే తెగలన్నీ ఒక్కటిగా నిలబడే ఆశ కూడా పోయింది. నన్నడిగితే ఈ యుద్ధంలో అందరికన్నా పెద్ద మనిషి ఆయనే. ప్రాజెక్టులో ఇరీ, థేమ్స్ రెండింటినీ కలిపి ఒకే పోరాటంగా రాయమనండి, ఒకటి లేకుండా రెండోది లేదు.

1814లో లెక్క మారింది. ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగాడు. యూరప్‌లో ఆరితేరిన బ్రిటిష్ పటాలాలు అమెరికాకు ఓడలెక్కాయి. నయాగరా దగ్గర జులై 5న చిప్పావా, జులై 25న లండీస్ లేన్ పోరాటాలు జరిగాయి. లండీస్ లేన్ సాయంత్రం మొదలై చీకట్లో అర్ధరాత్రి దాకా సాగింది. రెండు వైపులా ఎనిమిది వందల మందికి పైగా నష్టపోయారు. రక్తం ఎంత పారినా సరిహద్దు ఒక్క గజం కదల్లేదు. అందుకే దాన్ని అయిదింటిలో పెట్టను.

ఆగస్టు 24న వాషింగ్టన్ పక్కనే ఉన్న బ్లాడెన్స్‌బర్గ్ దగ్గర మేజర్ జనరల్ రాబర్ట్ రాస్ నాలుగున్నర వేల సైన్యంతో అమెరికా మిలీషియాను తరిమేశాడు. స్వయంగా అధ్యక్షుడు మాడిసన్ ఆ మైదానంలో ఉన్నాడు. జాషువా బార్నీ నావికులు, మెరైన్లు మాత్రమే గట్టిగా నిలబడ్డారు. ఆ రాత్రి, యార్క్‌కి బదులన్నట్టు, కాపిటల్, అధ్యక్ష భవనం, ఖజానా భవనం తగలబెట్టారు. అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్, జార్జ్ వాషింగ్టన్ నిలువెత్తు పటాన్ని తీయించి పంపించేసిన సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. కాంగ్రెస్ లైబ్రరీ పుస్తకాలు మూడు వేల దాకా కాలిపోయాయి. తర్వాతి ఏడాది థామస్ జెఫర్సన్ తన 6,487 పుస్తకాలు అమ్మితే లైబ్రరీ మళ్ళీ మొదలైంది. అవమానం చాలా పెద్దది, సైనికంగా ఫలితం చిన్నది. వచ్చినవాళ్ళు ఒక్క రోజులో వెళ్ళిపోయారు. ఈ దండయాత్రలో ఇంకో వైపు కూడా ఉంది. చీసాపీక్ తీరంలోని బానిసలు వేలాదిగా తప్పించుకుని బ్రిటిష్ ఓడలెక్కారు, కొందరు ఎర్రకోటు వేసుకుని తమ పాత యజమానుల మీదే పోరాడారు. స్వేచ్ఛ కోసం పోరాటం అన్న మాట ఆ రోజు ఎవరి నోట ఎలా వినిపించేదో మీ అమ్మాయిని ఆలోచించమనండి.

ఆ తర్వాత మీ ఊరే, బాల్టిమోర్. సెప్టెంబరు 12న నార్త్ పాయింట్ దగ్గర జనరల్ రాస్ తుపాకీ గుండుకి చనిపోయాడు. 13న పొద్దున్నుంచి బ్రిటిష్ ఓడలు మెక్‌హెన్రీ కోట మీద 25 గంటలపాటు బాంబులు, రాకెట్లు కురిపించాయి. రేవులోకి దారి లేకుండా అమెరికన్లు ముందే ఓడలు ముంచి అడ్డంగా పెట్టారు. కోట ఫిరంగులు అందుకోలేనంత దూరంలో నిలబడి వాళ్ళు కాల్చారు. లోపల మేజర్ జార్జ్ ఆర్మిస్టెడ్, దాదాపు వెయ్యి మంది. తిరిగి కాల్చే వీలు లేదు, పడేవి లెక్కపెడుతూ కూర్చోవాలి. ఆ టెన్షన్ ఊహించుకోండి. ఒక బాంబు నేరుగా మందుగుండు గదిలోనే పడింది, అదృష్టం కొద్దీ పేలలేదు. అంతసేపట్లో చనిపోయింది నలుగురు. కోట నిలిచింది, బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయారు.

తెల్లవారాక ఎగిరిన పెద్ద జెండాను చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన కవితే 1931లో అమెరికా జాతీయ గీతమైంది. ఆ జెండా కుట్టింది బాల్టిమోర్‌లో మేరీ పికర్స్‌గిల్ ఇంట్లో, కూతురు, బంధువుల అమ్మాయిలు, గ్రేస్ విషర్ అనే నల్లజాతి పనిపిల్ల కలిసి. 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. బిల్లు 405 డాలర్ల 90 సెంట్లు. అసలు జెండా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. గుడ్డ పాడవకుండా గది దాదాపు చీకటిగా ఉంచుతారు. కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే, అంచు చిరిగి పొట్టిగా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో జ్ఞాపకంగా ముక్కలు కత్తిరించి ఇచ్చేశారు, ఒక నక్షత్రం కూడా పోయింది. నేను అక్కడ నిలబడినప్పుడు చూసింది కుట్లను. చేతి కుట్లు, ఒకే కొలతలో.

ఆ గీతంలో రాకెట్ల ఎర్రటి వెలుగు గురించి ఒక మాట ఉంది. ఆ రాకెట్లు విలియం కాంగ్రీవ్ తయారుచేసినవి. అతనికి దారి చూపించింది మైసూరు రాకెట్లు. 1780లో గుంటూరు నుంచి బయల్దేరిన కల్నల్ బెయిలీ సైన్యాన్ని కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు తుడిచిపెట్టినప్పుడు ఆ ఇనప రాకెట్ల దెబ్బ ఇంగ్లీషువాళ్ళకి తెలిసింది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక దొరికిన రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. బ్లాడెన్స్‌బర్గ్‌లో మిలీషియాను బెదరగొట్టినవీ కాంగ్రీవ్ రాకెట్లే. బొంబాయిలో కట్టిన మిండెన్ అనే ఓడ మీద కూర్చుని కీ ఆ కవిత రాశాడని మనవాళ్ళు వాట్సాప్‌లో పంపుకుంటుంటారు, దాన్ని మాత్రం ప్రాజెక్టులో పెట్టొద్దు. ఖైదీ అయిన ఒక డాక్టరును విడిపించడానికి వెళ్ళిన కీ, ఆ రాత్రి ఉన్నది అమెరికన్ల సంధి పడవ మీద.

సరిగ్గా అదే వారంలో ఉత్తరాన జరిగిన పోరాటం గురించి చాలామందికి తెలియదు. నా లెక్కలో యుద్ధం మొత్తంలో అతి ముఖ్యమైనది అదే. బ్రిటిష్ జనరల్ సర్ జార్జ్ ప్రివోస్ట్ పది వేల మంది సైన్యంతో కెనడా నుంచి చాంప్లేన్ సరస్సు ఒడ్డు వెంట దిగాడు. ప్లాట్స్‌బర్గ్‌లో అలెగ్జాండర్ మకోంబ్ దగ్గర పోరాడగల రెగ్యులర్ సైనికులు పదిహేను వందల మంది, మిగిలింది మిలీషియా. భూమి మీద లెక్క అప్పుడే తేలిపోయింది. కానీ న్యూయార్క్ వైపు ఇంకా లోపలికి పోవాలంటే సరస్సు తమది కావాలి. సరస్సు మీద కమాండర్ థామస్ మెక్‌డోనా ఉన్నాడు, వయసు 30.

అతను ఎదురు వెళ్ళలేదు. ప్లాట్స్‌బర్గ్ అఖాతంలో తన ఓడలను వరుసగా లంగరేసి నిలబెట్టాడు. లోపలికి రావాలంటే బ్రిటిష్ ఓడలు గాలికి ఎదురు రావాలి, వస్తూ ముందువైపు దెబ్బలు తినాలి. ఇంకో ఏర్పాటు కూడా చేశాడు. తన ఓడ సరటోగాకు ముందూ వెనకా అదనపు లంగర్లు వేసి, వాటి తాళ్ళు నీళ్ళలో దించి ఉంచాడు. సెప్టెంబరు 11 పొద్దున మొదలైంది. సరటోగా మీద కోళ్ళ గూడుకి గుండు తగిలితే, బయటికొచ్చిన పుంజు ఫిరంగి మీదికెగిరి కూత పెట్టిందని, నావికులు కేకలేసి చప్పట్లు కొట్టారని చెబుతారు. బ్రిటిష్ కమాండర్ జార్జ్ డౌనీ మొదటి నిమిషాల్లోనే చనిపోయాడు. గుండు తగిలి ఎగిరిపడిన ఫిరంగే అతని మీద పడింది. గంటన్నర దాటేసరికి సరటోగాకు ఆ పక్క ఫిరంగులన్నీ మూగబోయాయి. అప్పుడు మెక్‌డోనా నీళ్ళలోని తాళ్ళు లాగించాడు. ఓడ నిలబడిన చోటే మెల్లగా తిరిగింది, దెబ్బ తగలని రెండో పక్క ఎదురొచ్చింది. బ్రిటిష్ ఓడ కాన్ఫియాన్స్ కూడా అలా తిరగబోయి, మధ్యలో ఇరుక్కుంది. ఇక జెండా దించక తప్పలేదు. సరస్సు పోవడం చూసి ప్రివోస్ట్ ఆ పది వేల మందినీ వెనక్కి తిప్పాడు.

అప్పటికి బెల్జియంలోని ఘెంట్‌లో సంధి మాటలు నడుస్తున్నాయి. పట్టుకున్న భూమి ఎవరిది వారికే అని బ్రిటన్ పట్టుబడుతోంది. మూలవాసులకు మధ్యలో విడిగా ఒక ప్రాంతం కావాలని కూడా అడిగింది. అక్టోబరులో ప్లాట్స్‌బర్గ్, బాల్టిమోర్ కబుర్లు అందాయి. అమెరికా వెళ్ళి నాయకత్వం వహించమని వెల్లింగ్టన్ డ్యూక్‌ను అడిగితే, ఆయన సూటిగా చెప్పాడు: సరస్సుల మీద పైచేయి లేకుండా నేను వెళ్ళి చేసేదేమీ లేదు, ఇప్పుడున్న పరిస్థితిలో భూమి అడిగే హక్కూ మనకు లేదు. 1803లో మన దక్కన్‌లో అసాయె గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీనే ఈయన. 1814 డిసెంబరు 24న సంధి మీద సంతకాలయ్యాయి. యుద్ధానికి ముందు ఎవరి హద్దు ఎక్కడుందో అక్కడికే వెళ్ళారు. నావికులను లాక్కుపోవడం గురించి అందులో ఒక్క మాట లేదు.

ఇక న్యూ ఆర్లీన్స్. 1815 జనవరి 8 పొద్దున, మంచులో, జనరల్ ఎడ్వర్డ్ పాకెన్‌హామ్ తన సైన్యాన్ని చదునైన చెరకు తోటల మీదుగా నడిపించాడు. ఎదురుగా ఆండ్రూ జాక్సన్ కాలువ వెనక మట్టికట్ట కట్టుకుని కూర్చున్నాడు. ఒక పక్క మిసిసిపి నది, ఇంకో పక్క చిత్తడి అడవి, పక్కనుంచి చుట్టే దారి లేదు. కట్ట వెనక టెన్నెసీ, కెంటకీ మనుషులు, స్వేచ్ఛ పొందిన నల్లజాతి పటాలాలు, చోక్టా యోధులు, సముద్ర దొంగ జాన్ లఫీట్ మనుషులు. కాలువ దాటడానికి కావలసిన కట్టెల మోపులు, నిచ్చెనలు తేవాల్సిన బ్రిటిష్ రెజిమెంటు వాటిని వెనకే వదిలేసి వచ్చింది. మంచు విడిపోయింది. అరగంటలో పాకెన్‌హామ్‌తో సహా బ్రిటిష్ వైపు రెండు వేల మంది దాకా చనిపోయారు, గాయపడ్డారు, పట్టుబడ్డారు. ఆ రోజు మొత్తం మీద అమెరికన్లలో చనిపోయింది పదమూడు మంది.

సంధి తర్వాత జరిగింది కదా అన్న మీ సందేహానికి జవాబు సంధి పత్రంలోనే ఉంది. రెండు ప్రభుత్వాలూ ఆమోదించేదాకా యుద్ధం ఆగదని అందులో రాసుకున్నారు. అమెరికా సెనేట్ ఆమోదించింది 1815 ఫిబ్రవరి 16న. కాబట్టి జనవరి 8న చట్టప్రకారం యుద్ధం నడుస్తూనే ఉంది. సంధి షరతులను ఈ పోరాటం మార్చలేదు, ఆ మాట నిజం. కానీ గెలుపు కబురు, సంధి కబురు రోజుల తేడాలో చేరడంతో, జనం మేమే గెలిచాం అనుకున్నారు. జాక్సన్ అధ్యక్షుడయ్యాడు. మీ అమ్మాయి దీన్ని పెట్టొచ్చు, కానీ 'యుద్ధాన్ని గెలిపించిన పోరాటం' అని మాత్రం రాయొద్దు.

కబురు అన్నిటికన్నా ఆలస్యంగా చేరింది మన వైపు సముద్రాలకు. 1815 జూన్ 30న జావా దీవి పక్క సుండా జలసంధిలో పీకాక్ అనే అమెరికన్ నౌక, ఈస్టిండియా కంపెనీ బొంబాయి నౌకాదళానికి చెందిన నాటిలస్ మీద కాల్చింది. శాంతి వచ్చిందని కంపెనీ లెఫ్టినెంట్ చెబుతున్నా వినలేదు. ఈ యుద్ధంలో నౌకల మధ్య చివరి కాల్పులు అవే.

గెలిచిందెవరు అన్నారు. అమెరికా, బ్రిటన్ సమానంగా లేచారు. కెనడా నిలబడింది. ఓడింది మూలవాసులు. దీనికి సాక్ష్యంగా అయిదో పోరాటం హార్స్‌షూ బెండ్ పెట్టమనండి. 1814 మార్చి 27న అలబామాలో టల్లపూసా నది వంపులో జాక్సన్ సైన్యం క్రీక్ తెగలోని రెడ్ స్టిక్ యోధులను ఎనిమిది వందల మందికి పైగా చంపింది. జాక్సన్ వైపు ఉన్న చెరోకీలు నది ఈది, అవతలి పడవలు తెచ్చి వెనకనుంచి దాడి చేయడమే ఆ గెలుపుకి కారణం. ఆగస్టులో ఒప్పందం పేరుతో క్రీక్ తెగ దగ్గర 2.3 కోట్ల ఎకరాలు తీసుకున్నారు, జాక్సన్‌తో కలిసి పోరాడిన క్రీక్‌ల భూములు కూడా అందులో పోయాయి. ఘెంట్ సంధి తొమ్మిదో అధికరణంలో తెగలకు 1811 నాటి భూములు తిరిగి ఇస్తామని రాశారు. ఇవ్వలేదు. 1830లో తెగలను వెళ్ళగొట్టే చట్టం మీద సంతకం చేసింది ఇదే జాక్సన్. 1838లో ఊళ్ళు వదిలి మిసిసిపి అవతలికి నడిచినవాళ్ళలో, హార్స్‌షూ బెండ్‌లో అతని కోసం నది ఈదిన చెరోకీలు కూడా ఉన్నారు.

కాబట్టి నా అయిదు: క్వీన్స్‌టన్ హైట్స్, ఇరీ సరస్సు (థేమ్స్‌తో కలిపి), హార్స్‌షూ బెండ్, ప్లాట్స్‌బర్గ్, బాల్టిమోర్. న్యూ ఆర్లీన్స్ కావాలంటే చివర్లో విడిగా ఒక పేరా. రాయడం మొదలుపెట్టే ముందు ఒక శనివారం అమ్మాయిని మెక్‌హెన్రీ కోటకు తీసుకెళ్ళండి. అక్కడ పెద్ద జెండా దించి మడతపెట్టేటప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళని కూడా పట్టుకోమంటారు. మడత నేలకు తగలకుండా నిలబెట్టడానికి ఎన్ని చేతులు కావాలో లెక్కపెట్టమనండి.